ఇంటి నుంచి వర్సిటీ ల్యాబ్ సిస్టం, సాఫ్ట్‌వేర్ లైసెన్సు, థీసిస్ ప్రింటు: ఎక్కడ ఆగుతున్నదో ఒక్కొక్కటే చూద్దాం

దేవరకొండ_స్కాలర్ | దేవరకొండ

డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఉన్న సిస్టంలోకి ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో (దూరం నుంచే ఆ సిస్టం స్క్రీన్ తెరిచి వాడుకునే విండోస్ సౌకర్యం) పోవాలె. వీపీఎన్ (ఇంటి నుంచి వర్సిటీ నెట్‌వర్క్‌లోకి పోయే భద్రమైన దారి) కనెక్ట్ అయితున్నది, ఆకుపచ్చ గుర్తు కూడా వస్తున్నది. కానీ ల్యాబ్ సిస్టం అడ్రస్ 192.168.1.45 కొడితే కాసేపు తిరిగి, కనెక్ట్ కాలేదని చెప్పి ఆగుతున్నది. ఇంట్లో ఫైబర్ నెట్, రౌటర్ అడ్రస్ 192.168.1.1. గణాంకాల లెక్కలు చేసే ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ ఆ సిస్టంలోనే ఉన్నది, డేటా కూడా అందులోనే. ఇంకోటి, 240 పేజీల థీసిస్ ఇక్కడి నుంచే క్యాంపస్ ప్రింటర్‌కు పంపొచ్చా? ముందు ఏం చూడాలె, తర్వాత ఏం చూడాలె, జర వరుసగా చెప్పండి.

పిల్లలమర్రి_నెట్ | మహబూబ్‌నగర్

జవాబు మీ ప్రశ్నలోనే ఉంది మేడం. ఇంటి రౌటర్ 192.168.1.1, ల్యాబ్ సిస్టం 192.168.1.45. రెండూ ఒకే వరుస. మీ ల్యాప్‌టాప్ ఆ 1.45ను చూడగానే ఇది ఇంట్లోదే అనుకుంటుంది. ప్యాకెట్‌ను, అంటే పంపే డేటా ముక్కను, వీపీఎన్‌లోకి పంపకుండా ఇంటి వైఫైలోనే వెతుకుతుంది. అక్కడ 45 నంబర్ సిస్టం లేదు కాబట్టి అంతసేపు తిరిగి ఆగిపోతుంది. వీపీఎన్ తప్పేం లేదు, అందుకే ఆకుపచ్చ గుర్తు వస్తూనే ఉంది.

ఇంటి రౌటర్ వరుస మార్చండి. బ్రౌజర్‌లో 192.168.1.1 తెరిచి లాగిన్ అయి, ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌లో రౌటర్ అడ్రస్‌ను 192.168.77.1 చేయండి. డీహెచ్‌సీపీ (పరికరాలకు అడ్రస్‌లు పంచేది) రేంజ్ కూడా అదే 77 వరుసలో, ఉదాహరణకు 77.100 నుంచి 77.200 వరకు పెట్టండి. సేవ్ చేయగానే నెట్ తెగుతుంది, భయపడొద్దు. రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే ల్యాప్‌టాప్, ఫోన్, టీవీ అన్నీ కొత్త అడ్రస్ తీసుకుంటాయి. ఇంట్లో వైఫై ప్రింటర్ గానీ సీసీ కెమెరా గానీ పాత అడ్రస్‌తో సెట్ చేసి ఉంటే అవి మాత్రం మళ్లీ సెట్ చేసుకోవాలి. జియో ఫైబర్ రౌటర్లు 192.168.29.1తో వస్తాయి కాబట్టి అవి ఉన్న ఇళ్లలో ఈ గొడవ తక్కువ.

రౌటర్ మీ చేతిలో లేకపోతే, అంటే హాస్టల్లోనో అద్దె ఇంట్లోనో ఉంటే, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఒకసారి ప్రయత్నించండి. హాట్‌స్పాట్ వరుస మామూలుగా వేరే ఉంటుంది.

మార్చాక పవర్‌షెల్ (విండోస్‌లో కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండ్‌కు ల్యాబ్ అడ్రస్, పోర్ట్ 3389 (రిమోట్ డెస్క్‌టాప్ వాడే ద్వారం నంబరు) ఇచ్చి చూడండి. చివరి లైన్‌లో ట్రూ వస్తే దారి ఉన్నట్టు. పింగ్ (సిస్టం పలుకుతుందా అని అడిగే కమాండ్) మాత్రం నమ్మకండి. విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబు ఇవ్వకుండా ఆపుతుంది, సిస్టం బతికే ఉన్నా పింగ్ ఫెయిల్ అవుతుంది.

మూసీ_ల్యాబ్ | నల్లగొండ

పైన అన్న చెప్పింది ఇంటి వైపు సంగతి. ల్యాబ్ వైపు చూసుకోవాల్సినవి కూడా ఉన్నయి. అక్కడికి పోయిన రోజే ఒక్కసారి చూసుకుంటే మళ్లీ దానికోసం బస్సెక్కాల్సిన పని ఉండదు.

మొదటిది విండోస్ ఎడిషన్. ల్యాబ్ సిస్టంలో హోం ఎడిషన్ ఉంటే బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ రాదు. ప్రో, ఎడ్యుకేషన్, ఎంటర్‌ప్రైజ్‌లో ఏదో ఒకటి కావాలె. మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో హోం ఉన్నా ఇబ్బంది లేదు, అక్కడి నుంచి పిలవడమే కదా.

సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయాలె. ఆన్ చేస్తే అడ్మిన్‌లకు మాత్రమే అనుమతి వస్తది. మీది మామూలు స్టూడెంట్ అకౌంట్ అయితే రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో మీ పేరు విడిగా ఎక్కించమని ల్యాబ్ ఇన్‌ఛార్జ్ సార్‌ను అడగండి. ఈ ఒక్క మెట్టు మరిచిపోయి రోజుల తరబడి తంటాలు పడేవాళ్లు చాలామంది.

పవర్ ఆప్షన్లలో స్లీప్ 'నెవర్' పెట్టాలె. స్క్రీన్ ఆరిపోయినా పర్వాలేదు, సిస్టం నిద్రపోతే మాత్రం అందదు. మన దగ్గర కరెంటు పోయి వస్తుంటది కాబట్టి బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సిస్టం సెట్టింగులు) 'ఏసీ పవర్ లాస్' అనే ఆప్షన్ వెతికి 'పవర్ ఆన్' పెట్టండి. కొన్ని బోర్డుల్లో 'లాస్ట్ స్టేట్' కూడా ఉంటది. కరెంటు రాగానే సిస్టం దానంతట అదే లేస్తది. దీన్ని వదిలేస్తే రాత్రి ఒక్కసారి కరెంటు పోతే చాలు, ఎవరో పోయి బటన్ నొక్కేదాకా మీ పని ఆగినట్టే.

ల్యాబ్ సిస్టంకు వైఫై కాకుండా వైర్ పెట్టించండి. దాని ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) రోజుకోటి మారకుండా డీహెచ్‌సీపీలో రిజర్వ్ చేయమనండి. లేదంటే ఐపీకి బదులు సిస్టం పూర్తి పేరుతో పిలవండి. పూర్తి పేరంటే డొమైన్‌తో (వర్సిటీ సిస్టంలన్నీ చేరి ఉండే గుంపు పేరు) కలిపి. ఉత్త సిస్టం పేరు కొడితే వీపీఎన్‌లో దొరక్కపోవచ్చు.

డిండి_లైనక్స్ | అచ్చంపేట

రాత్రంతా ఆన్‌లో ఉంచడం ఎందుకు, వేక్ ఆన్ ల్యాన్ (ఆఫ్‌లో ఉన్న సిస్టంను నెట్‌వర్క్ నుంచి లేపే పద్ధతి) పెట్టుకోవచ్చు కదా. బయాస్‌లోనూ నెట్‌వర్క్ కార్డ్ ప్రాపర్టీస్‌లోనూ రెండు చోట్లా ఆన్ చేసి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయాలి. తర్వాత మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ కార్డ్ సొంత నంబరు) మేజిక్ ప్యాకెట్, అంటే లేపే సందేశం, పంపితే సిస్టం లేస్తుంది.

పిల్లలమర్రి_నెట్ | మహబూబ్‌నగర్

పద్ధతి మంచిదే తమ్మీ, కానీ ఆ ప్యాకెట్ బ్రాడ్‌కాస్ట్, అంటే ఒక నెట్‌వర్క్‌లోని అందరికీ వేసే కేక. వీపీఎన్ నుంచి ల్యాబ్ సబ్‌నెట్‌లోకి (ల్యాబ్ అడ్రస్‌ల వరుస) రౌటర్ దాన్ని మామూలుగా దాటనివ్వదు. అదే ల్యాబ్‌లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే సర్వర్ ఒకటి ఉంటే, దానిలోకి వెళ్లి అక్కడి నుంచి పంపాలి. అలాంటి సర్వర్ లేని చోట సిస్టం ఆన్‌లో ఉంచడమే దారి. 60 వాట్లు తీసుకునే సిస్టం అనుకుంటే 24 గంటలకు యూనిట్‌న్నర కూడా కాదు. పని ఉన్న వారం ఆన్‌లో ఉంచి, అయిపోగానే ఆఫ్ చేయమనండి.

దేవరకొండ_స్కాలర్ | దేవరకొండ

రౌటర్‌ను 77 వరుసకు మార్చిన. టెస్ట్‌లో ట్రూ వచ్చింది. ఇప్పుడు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతున్నది. ల్యాబ్‌లో కొట్టే నాలుగంకెల పిన్నే కొడుతున్న, లాగిన్ ఫెయిల్ అంటున్నది. పాస్‌వర్డ్ కొట్టినా అదే మాట.

మూసీ_ల్యాబ్ | నల్లగొండ

పిన్ ఆ సిస్టం ముందు కూర్చున్నప్పుడే పనికొస్తది అక్కా. రిమోట్‌లో అసలు పాస్‌వర్డే కావాలె. పాస్‌వర్డ్ లేని లోకల్ అకౌంట్‌ను కూడా విండోస్ బయటి నుంచి రానివ్వదు.

పాస్‌వర్డ్ సరిగ్గానే ఉన్నా ఫెయిల్ అంటే పేరు కొట్టే తీరు చూడండి. ఉత్త పేరు కొడితే మీ ల్యాప్‌టాప్ తన సొంత పేరును ముందు తగిలించి పంపే అవకాశం ఉన్నది. అందుకే డొమైన్ పేరు, బ్యాక్‌స్లాష్, మీ యూజర్ నేమ్ అట్ల కొట్టాలె. డొమైన్ లేని ల్యాబ్ అయితే డొమైన్‌కు బదులు ఆ సిస్టం పేరు. అది తెలియకపోతే ఒక చుక్క, బ్యాక్‌స్లాష్, పేరు కొట్టి చూడొచ్చు.

డొమైన్ సిస్టం అయితే గడియారం కూడా చూడండి. కెర్బెరాస్ (డొమైన్‌లో లాగిన్ సరిచూసే పద్ధతి) లాగిన్‌లో సర్వర్‌కూ సిస్టంకూ మధ్య 5 నిమిషాల కంటే ఎక్కువ తేడా ఉంటే పాస్‌వర్డ్ కరెక్టయినా ఒప్పుకోదు. పాత సిస్టంలలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటది, సీఆర్2032, 3 వోల్టులది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎన్నో ఏండ్లు వెనక్కి పోతది. పేరుతో పిలిస్తే రానిది ఐపీతో పిలిస్తే వస్తున్నదంటే అనుమానం ఈ గడియారం మీదికే పోవాలె. సెల్ మార్చి, బయాస్‌లో తేదీ సరిచేసి, విండోస్ టైం సర్వీస్ సింక్ చేస్తే సరిపోతది. బయాస్ సెట్టింగులు కూడా సెల్‌తోపాటే చెరిగిపోతయి, ఇందాక చెప్పిన 'పవర్ ఆన్' మళ్లీ పెట్టుకోవాలె.

ఓటీపీ యాప్‌తో వీపీఎన్ లాగిన్ ఉన్నవాళ్లకు ఫోన్ గడియారంతోనూ ఇదే చిక్కు. కోడ్ 30 సెకన్లకోసారి మారుతది. ఫోన్ టైం ఆటోమేటిక్‌లో లేకుండా నిమిషం రెండు నిమిషాలు తేడా ఉన్నా కోడ్ చెల్లదు.

కల్వకుర్తి_ఎంకామ్ | కల్వకుర్తి

ఇంత తిప్పలు ఎందుకు, ల్యాబ్ సిస్టంలో ఎనీడెస్క్ (దూరం నుంచి సిస్టం నడిపే వేరే యాప్) వేసి పాస్‌వర్డ్ పెట్టుకుంటే అయిపోతది కదా? లేదంటే 3389 పోర్ట్‌ను బయటికి తెరిపిస్తే వీపీఎన్ కూడా అక్కర్లేదు.

పిల్లలమర్రి_నెట్ | మహబూబ్‌నగర్

రెండూ వద్దు. 3389ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిస్తే పాస్‌వర్డ్‌లు ఒకదాని తర్వాత ఒకటి కొట్టి చూసే ప్రోగ్రాంలు దాన్ని వెతుక్కుంటూ వచ్చేస్తాయి. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ లోపానికైతే పాస్‌వర్డ్ కూడా అవసరం లేదు. విండోస్ 7, సర్వర్ 2008 లాంటి పాత సిస్టంలలోకి రిమోట్ డెస్క్‌టాప్ దారిలోనే నేరుగా దూరొచ్చు. ప్యాచ్ వేయని పాత సిస్టంలు ఇంకా ల్యాబుల్లో మూలన కూర్చుని ఉంటాయి. ఒక్కటి దొరికితే అక్కడి నుంచి ల్యాబ్ మొత్తానికి పాకుతుంది, విద్యార్థుల ఏళ్ల డేటా లాక్ అయిపోతుంది.

ఎనీడెస్క్ లాంటి వాటితో ఇబ్బంది ఏమిటంటే, ఎవరు ఎప్పుడు వచ్చారో వర్సిటీ లాగ్‌లో ఉండదు. మీరు కోర్సు పూర్తి చేసి వెళ్లిపోయినా ఆ తలుపు తెరిచే ఉంటుంది. అవి వ్యక్తిగత వాడకానికి ఉచితం, సంస్థ సిస్టంలో పెట్టాలంటే లైసెన్సు వేరు. ఐటీ సెల్ అనుమతితో, వాళ్లే పెడితే అది వేరే సంగతి.

డిండి_లైనక్స్ | అచ్చంపేట

నెట్ నెమ్మదిగా ఉన్నవాళ్లకు రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగులు చెబుతాను. ఎంఎస్‌టీఎస్‌సీ (mstsc, రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రాం పేరు) అని రన్‌లో కొట్టి, షో ఆప్షన్స్ నొక్కండి. డిస్‌ప్లేలో రంగు 16 బిట్. రిజల్యూషన్ 1366×768 చాలు. ఎక్స్‌పీరియన్స్ ట్యాబ్‌లో వాల్‌పేపర్, యానిమేషన్లు తీసేసి, బిట్‌మ్యాప్ క్యాషింగ్ ఉంచండి. లోకల్ రిసోర్సెస్‌లో ఆడియోను 'డు నాట్ ప్లే' చేయండి.

ఫైళ్లు తెచ్చుకోవాలంటే అదే ట్యాబ్‌లో మోర్ నొక్కి మీ డి డ్రైవ్‌కు టిక్ పెట్టండి. ల్యాబ్ సిస్టంలో 'దిస్ పీసీ' తెరిస్తే మీ ఇంటి డ్రైవ్ కనిపిస్తుంది. కానీ ఎస్‌పీఎస్‌ఎస్‌లోనో ఎక్సెల్‌లోనో ఆ ఇంటి డ్రైవ్ మీది ఫైల్‌ను నేరుగా తెరవకండి, ప్రతి క్లిక్‌కూ డేటా ఇంటికీ ల్యాబ్‌కూ మధ్య తిరుగుతుంది. ముందు ల్యాబ్ డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి అక్కడ తెరవండి.

లాగిన్ అయ్యాక స్క్రీన్ నల్లగా ఉండిపోయినా, పది సెకన్లకు బిగుసుకుపోయినా అది చాలావరకు ప్యాకెట్ సైజు ఇబ్బంది. పింగ్‌కు మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ పెట్టి 1472తో మొదలుపెట్టండి. పింగ్‌కు జవాబిచ్చే వీపీఎన్ గేట్‌వే లాంటి అడ్రస్ తీసుకోండి. ముక్కలు చేయాలి అని ఎర్రర్ వస్తే 1400, 1350, 1300 అలా తగ్గిస్తూ పోయి, ఎక్కడ జవాబు వస్తుందో ఆ సంఖ్యకు 28 కలిపితే మీ ఎంటీయూ, అంటే ముక్కలు కాకుండా పోయే అతిపెద్ద ప్యాకెట్ సైజు. వీపీఎన్ అడాప్టర్‌కు ఆ విలువ పెట్టండి. అయినా బిగుసుకుంటే రిమోట్ డెస్క్‌టాప్ యూడీపీ వాడకుండా చేసి టీసీపీ మీదే నడపండి (రెండూ డేటా పంపే పద్ధతులు). గ్రూప్ పాలసీలో 'టర్న్ ఆఫ్ యూడీపీ ఆన్ క్లయింట్' అని ఉంటుంది.

లైనక్స్ సర్వర్ మీద పని చేసేవాళ్లు ఎస్‌ఎస్‌హెచ్‌లోకి (దూరం నుంచి సర్వర్‌లో కమాండ్లు కొట్టే దారి) వెళ్లగానే టీమక్స్ (సర్వర్‌లోనే నిలిచి ఉండే కమాండ్ల కిటికీ) తెరవండి. నెట్ తెగినా ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, మళ్లీ వచ్చి అటాచ్ అయితే సరిపోతుంది. టీమక్స్ లేకుండా నడిపిన 6 గంటల లెక్క, వైఫై ఒక్కసారి పోతే పోయినట్టే. జూపిటర్ నోట్‌బుక్ (బ్రౌజర్‌లో కోడ్ రాసి నడిపే పేజీ) కావాలంటే 8888 పోర్ట్‌ను ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌లో తెచ్చుకోండి, సర్వర్‌లో దాన్ని బయటికి తెరవొద్దు.

గణాంకం_మాస్టారు | సూర్యాపేట

ఎస్‌పీఎస్‌ఎస్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. ఇందులో రెండు రకాల లైసెన్సులు ఉంటాయి. ఒకటి ఆ సిస్టంకే కట్టేసినది. రెండోది నెట్‌వర్క్ లైసెన్సు, అంటే 10 సీట్లు కొంటే ఒకే సమయంలో 10 మంది మాత్రమే. రెండో రకమైతే మీ సొంత ల్యాప్‌టాప్‌లోనూ వేసుకునే వీలు ఉండొచ్చు, వీపీఎన్‌లో ఉండగా లైసెన్సు సర్వర్‌ను అడిగి తెరుచుకుంటుంది. ఆ సర్వర్‌కు యూడీపీ 5093 పోర్ట్ వెళ్లాలి. వీపీఎన్‌లో టీసీపీ మాత్రమే వదిలిన చోట ఎస్‌పీఎస్‌ఎస్ ఇన్‌స్టాల్ అవుతుంది కానీ లైసెన్సు దొరకదు. ఐటీ సెల్‌కు రాసేటప్పుడు పోర్ట్ నంబరు, యూడీపీ అనే మాట రెండూ రాయండి, పని త్వరగా అవుతుంది.

రిమోట్ డెస్క్‌టాప్ కిటికీని ఇంటూ గుర్తు నొక్కి మూస్తే అది డిస్‌కనెక్ట్ మాత్రమే. లోపల ఎస్‌పీఎస్‌ఎస్ తెరిచే ఉంటుంది, సీటు మీ పేరు మీదే ఉంటుంది. సెమిస్టర్ చివర్లో పది సీట్లలో సగం ఇలా ఖాళీ కిటికీలే పట్టుకుని ఉంటాయి, నిజంగా పని ఉన్న విద్యార్థికి తెరుచుకోదు. లెక్క నడుస్తుంటే డిస్‌కనెక్ట్ చేయండి. పని అయిపోతే సేవ్ చేసి, ప్రోగ్రాం మూసి, స్టార్ట్ మెనూలోంచి సైన్ అవుట్ చేయండి. ఇది మీ తర్వాత వచ్చే విద్యార్థి కోసం.

మాట్‌ల్యాబ్, యాన్సిస్ లాంటివి ఫ్లెక్స్ఎల్ఎం లైసెన్సు మీద నడుస్తాయి. వాటి ఎర్రర్ నంబరే జబ్బు చెబుతుంది. మైనస్ 4 అంటే సీట్లన్నీ నిండాయి, కాసేపు ఆగాలి. మైనస్ 15 అంటే సర్వర్ వరకే చేరలేదు, వీపీఎన్ చూసుకోవాలి. మైనస్ 103 అంటే ఈ లైసెన్సును రిమోట్ డెస్క్‌టాప్‌లో వాడనివ్వరు, ఆ సిస్టం ముందు కూర్చుంటేనే తెరుచుకుంటుంది. మైనస్ 103 వస్తే సెట్టింగులు మార్చి లాభం లేదు, లైసెన్సు రకం మారాలి.

సీటు దొరక్కపోతే పని ఆపనక్కర్లేదు. పీఎస్‌పీపీ, జమోవీ, ఆర్ మూడూ ఉచితం, మూడూ ఎస్‌పీఎస్‌ఎస్ డేటా దాచే ఎస్‌ఏవీ ఫైలు తెరుస్తాయి. టీ టెస్టు, కై స్క్వేర్, అనోవా, రిగ్రెషన్ వరకు జమోవీలో హాయిగా చేసుకోవచ్చు. ఫ్యాక్టర్ అనాలిసిస్‌లో రొటేషన్, ఎక్స్‌ట్రాక్షన్ పద్ధతులు ఎస్‌పీఎస్‌ఎస్ వాటితో ఒకటేనా కాదా చూసుకుని వాడండి. డిఫాల్ట్‌లు వేరుగా ఉంటే అంకెలు వేరుగా వస్తాయి, వైవాలో ఆ తేడా గురించి అడుగుతారు.

లైబ్రరీ_వనపర్తి | వనపర్తి

జర్నళ్ల సంగతి కూడా ఇందులోనే కలిపేస్తే బాగుంటుంది. వీపీఎన్ ఆన్‌లో ఉన్నా పేపరు తెరుచుకోవడం లేదంటే అది స్ప్లిట్ టన్నెల్ అన్నమాట. క్యాంపస్ లోపలి అడ్రస్‌లు మాత్రమే వీపీఎన్‌లో వెళ్తాయి, మిగతా ఇంటర్నెట్ అంతా మీ ఇంటి లైన్ మీదే వెళ్తుంది. పబ్లిషర్‌కు మీ ఇంటి ఐపీ కనిపిస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లోకి వెళ్లి ల్యాబ్ సిస్టం బ్రౌజర్‌లో తెరిస్తే క్యాంపస్ ఐపీయే కనిపిస్తుంది, పేపరు వస్తుంది.

అంతకంటే తేలిక, ఇన్‌ఫ్లిబ్‌నెట్ (దేశంలోని వర్సిటీ లైబ్రరీలను కలిపే సంస్థ) వాళ్ల ఇన్‌ఫెడ్ లాగిన్. పబ్లిషర్ సైట్‌లో సంస్థ ద్వారా లాగిన్ అనే లింకు నొక్కి, మీ వర్సిటీని ఎంచుకుని, లైబ్రరీ ఇచ్చిన ఐడీతో వెళ్లాలి. వీపీఎన్ అవసరమే లేదు. వర్సిటీ ఇన్‌ఫెడ్‌లో సభ్యురాలై ఉంటేనే ఆ జాబితాలో పేరు కనిపిస్తుంది. 2025 జనవరి 1న మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 పబ్లిషర్ల జర్నళ్లు, దాదాపు 13,000, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుతున్నాయి. అంతకుముందు దొరకలేదని వదిలేసిన పేపరును మళ్లీ ఒకసారి వెతకండి.

ఒక విన్నపం. ఒక సంచిక మొత్తం పేపర్లను డౌన్‌లోడర్ పెట్టి ఒకేసారి లాగొద్దు. పబ్లిషర్ ఆ క్యాంపస్ ఐపీనే ఆపేస్తే అందరికీ దారి మూసుకుపోతుంది.

జడ్చర్ల_డీటీపీ | జడ్చర్ల

ఇక ప్రింటు. దేవరకొండ అక్క అడిగిన 240 పేజీల లెక్క నుంచే మొదలుపెడతా.

క్యాంపస్ ప్రింటర్ చాలా చోట్ల రిలీజ్ పద్ధతిలో ఉంటుంది. మీరు పంపింది వెంటనే బయటికి రాదు, క్యూలో ఆగి ఉంటుంది. ప్రింటర్ దగ్గరకు వెళ్లి కార్డు చూపించో, ఐడీ కొట్టో విడుదల చేయాలి. పేపర్‌కట్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడే చోట వెబ్ ప్రింట్ అనే పేజీ ఉంటుంది. అడ్రస్ చివర 9191 పోర్ట్ కనిపిస్తే అదే. వీపీఎన్‌లో ఉండి ఆ పేజీలో పీడీఎఫ్ ఎక్కిస్తే చాలు, మీ ల్యాప్‌టాప్‌లో ప్రింటర్ డ్రైవర్ అక్కర్లేదు. ఆ క్యూలో పని కొన్ని గంటలే నిలుస్తుంది, ఎన్ని గంటలన్నది ఐటీ సెల్ పెట్టుకున్న సెట్టింగ్. అది కనుక్కుని, క్యాంపస్‌కు వెళ్లే రోజునే పంపండి.

వెబ్ ప్రింట్‌లో రెండు వైపులా, ఒక వైపు అనే ఎంపిక మీ చేతిలో లేకపోవచ్చు. అందుకే ఐటీ సెల్ వాళ్లు ఒకే ప్రింటర్‌కు రెండు పేర్లు పెడతారు, ఒకటి సింగిల్, ఒకటి డూప్లెక్స్. పేరు చూసి ఎంచుకోండి.

ఫైల్ ఎప్పుడూ పీడీఎఫ్‌లోనే పంపండి. వర్డ్ ఫైల్ పంపితే సర్వర్‌లో మీ ఫాంటు లేకపోతే వేరే ఫాంటు పడుతుంది, లైన్లు జరుగుతాయి, 240 పేజీలు 247 అవుతాయి, విషయసూచిక మొత్తం తప్పుతుంది.

పేజీ సైజు ఏ4 అని ఉందో లేదో చూడండి. వర్డ్ కొన్నిసార్లు లెటర్ సైజులో ఉంటుంది. ఏ4 210×297 మిల్లీమీటర్లు, లెటర్ 216×279. ట్రేలో ఏ4 ఉండి ఫైల్ లెటర్‌ది అయితే ప్రింటర్ లెటర్ కాగితం పెట్టమని అడిగి ఆగుతుంది, వెనకాల ఉన్న అందరి పనులూ ఆగుతాయి. డిస్‌ప్లే చదవకుండా ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ అదే అడుగుతుంది. క్యూలో ఆ పని రద్దు చేసి, వర్డ్‌లో ఏ4 చేసి, కొత్త పీడీఎఫ్ పంపాలి.

బైండింగ్‌కు ఎడమ మార్జిన్ 1.5 అంగుళాలు, అంటే 38 మిల్లీమీటర్లు. రెండు వైపులా ప్రింటు అయితే మిర్రర్ మార్జిన్ పెట్టాలి, లేకపోతే వెనక పేజీలో అక్షరాలు బైండింగ్ కుట్టులోకి పోతాయి. డూప్లెక్స్‌లో 'ఫ్లిప్ ఆన్ లాంగ్ ఎడ్జ్' ఎంచుకోండి, షార్ట్ ఎడ్జ్ అయితే వెనక పేజీ తలకిందులు వస్తుంది.

రంగు పేజీలు కొన్నే ఉంటే విడిగా తీయండి. కానీ రెండు వైపులా ప్రింటులో 45వ పేజీ వెనక 46 ఉంటుంది. 45 ఒక్కటే కలర్‌లో తీస్తే దాని వెనక ఖాళీ. 45-46 కలిపి కలర్ ప్రింటర్‌కు పంపాలి. బేసి పేజీ ఎప్పుడూ ముందు వైపు, ఈ లెక్క పెట్టుకుంటే తప్పు పోదు.

ఐదు కాపీలు, ఒక వైపు అయితే 1,200 షీట్లు. ఒక రీము 500, అంటే మూడు రీములు దగ్గర పెట్టుకోవాలి. ట్రేలో మామూలుగా 250 పడతాయి. ఐదూ ఒకేసారి కొట్టకుండా ఒక్కో కాపీ పంపండి. మొదటి కాపీ చూసుకున్నాక మిగతావి. వానాకాలంలో విప్పిన రీము గాలి తేమ పీల్చుకుని జామ్ అవుతుంది, విప్పిన రీమును కవర్‌లోనే ఉంచి కావలసినన్ని షీట్లే తీయండి.

తెలుగు_ఎంఏ | నాగర్‌కర్నూల్

డీటీపీ అన్నా, మాది తెలుగు థీసిస్. బయట అను ఫాంట్లలో టైప్ చేయించినం. క్యాంపస్‌లో తెరిస్తే అంతా ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తున్నయి. ఇంకో అధ్యాయం యూనికోడ్‌లో ఉన్నది, అందులో 'స్త్రీ' అనే మాట ముక్కలై, వత్తులు విడివిడిగా ప్రింటయింది. రెండింటికీ ఏం చేయాలె?

జడ్చర్ల_డీటీపీ | జడ్చర్ల

రెండూ వేరు వేరు జబ్బులు తమ్ముడూ.

అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాటిలో 'క' అనేది కంప్యూటర్ లెక్కలో ఒక ఇంగ్లిష్ గుర్తు, దాని బొమ్మ మాత్రం తెలుగుది. ఫాంటు లేని సిస్టంలో ఆ బొమ్మ పోయి గుర్తు మిగులుతుంది. టైప్ చేసిన సిస్టంలోనే పీడీఎఫ్ చేయించండి. తర్వాత ఆ పీడీఎఫ్‌ను అడోబీ రీడర్‌లో తెరిచి ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్స్ చూడండి. ప్రతి ఫాంటు పేరు పక్కన 'ఎంబెడెడ్' లేదా 'ఎంబెడెడ్ సబ్‌సెట్' ఉండాలి. ఒక్కదాని పక్కన లేకపోయినా అదే ప్రింటులో గుర్తులుగా వస్తుంది.

రెండోది 'స్త్రీ' సంగతి. స కింద తవత్తు, రవత్తు, పైన గుడి దీర్ఘం కలిసి ఒక్క ముద్ద కావాలంటే తెరిచే ప్రోగ్రాంకు తెలుగు కూర్చడం రావాలి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు, అందులో పెడితే చెడుతుంది. వర్డ్‌లో గౌతమి, నిర్మలా యూఐ, నోటో సాన్స్ తెలుగు ఏదైనా సరిగ్గా వస్తుంది. వర్డ్‌లో స్క్రీన్ మీద సరిగ్గా ఉండి ప్రింటులో మాత్రమే విడిపోతే, సేవ్ యాజ్ పీడీఎఫ్‌లో ఆప్షన్స్ నొక్కి పీడీఎఫ్/ఏ అనే గడికి టిక్ పెట్టండి, అన్ని ఫాంట్లూ లోపలికి వస్తాయి.

అయినా ప్రింటర్ మొండికేస్తే అడోబీలో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి 'ప్రింట్ యాజ్ ఇమేజ్'. పేజీని ఫోటోలా పంపుతుంది కాబట్టి అక్షరం చెడదు. కానీ బరువు. 600 డీపీఐలో ఒక ఏ4 పేజీ అంటే 4960×7016 చుక్కలు, కుదించకపోతే ఒక్క నలుపు-తెలుపు (గ్రేస్కేల్) పేజీకే 35 ఎంబీ దాకా. 20 పేజీలకోసారి ముక్కలుగా పంపండి.

మూసీ_ల్యాబ్ | నల్లగొండ

అంత బరువు పంపితే క్యూ ఇరుక్కునే ప్రమాదం ఉన్నది. ల్యాబ్ సిస్టంలో 'డిలీటింగ్' అని ఉండిపోయి పని పోకపోతే, అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ స్టాప్ స్పూలర్ (స్పూలర్ అంటే ప్రింటు పనులను వరుసలో పెట్టేది) కొట్టి, సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టం32, స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ లోపలి ఫైళ్లు తీసేసి, నెట్ స్టార్ట్ స్పూలర్ కొట్టాలె. ఫోల్డర్‌ను మాత్రం తీయొద్దు. ఆ సిస్టం నుంచి ఆగి ఉన్న అందరి పనులూ పోతయి కాబట్టి ముందు అడిగి చేయండి.

ల్యాబ్‌లో షేర్ చేసిన ప్రింటర్‌ను కలిపేటప్పుడు 0x0000011బి ఎర్రర్ వస్తే అది మీ తప్పు కాదు. 2021లో ప్రింట్ స్పూలర్ లోపాలు వరుసగా బయటపడినంక విండోస్ అప్‌డేట్లు ప్రింటర్ షేరింగ్‌ను బిగించినయి. డ్రైవర్ వేయడానికి కూడా అడ్మిన్ కావాలె. రిజిస్ట్రీలో రక్షణ తీసేసే చిట్కా నెట్‌లో దొరుకుతది, చేయొద్దు. రెండు వైపులా అప్‌డేట్లు పూర్తిగా వేయించండి. లేదా షేరింగ్ వదిలేసి ప్రింటర్ ఐపీతో నేరుగా టీసీపీ 9100 పోర్ట్ మీద అడ్మిన్‌తో పెట్టించుకోండి.

దేవరకొండ_స్కాలర్ | దేవరకొండ

డొమైన్ పేరు ముందు పెట్టి కొడితే లాగిన్ అయింది. ఎస్‌పీఎస్‌ఎస్ కూడా తెరుచుకున్నది. అందరికీ ధన్యవాదాలు. ఒక్కటే మిగిలింది. ల్యాబ్ సిస్టంలోంచి అవుట్‌పుట్ రెండు పేజీలు ప్రింటు కొడితే క్యాంపస్ క్యూలో కనపడలేదు, ఇంట్లో ఇంక్‌జెట్‌లోంచి వచ్చినయి.

జడ్చర్ల_డీటీపీ | జడ్చర్ల

ఇంటి ప్రింటర్ కూడా రిమోట్‌లోకి వెంట వచ్చింది అక్కా. ప్రింటర్ల జాబితాలో దాని పేరు పక్కన 'రీడైరెక్టెడ్' అని ఉంటుంది, అదే డిఫాల్ట్ అయిపోతుంది. సైన్ అవుట్ చేసి, ఎంఎస్‌టీఎస్‌సీ ఆప్షన్స్‌లో లోకల్ రిసోర్సెస్‌కు వెళ్లి ప్రింటర్స్ టిక్ తీసేసి మళ్లీ కనెక్ట్ అవ్వండి. ఇక ల్యాబ్‌లోని ప్రింటరే డిఫాల్ట్‌గా ఉంటుంది. ఇంట్లో చిత్తు ప్రతి తీసుకోవాలనుకున్న రోజు టిక్ మళ్లీ పెట్టుకోండి.

థీసిస్ పంపే ముందు మొదటి అధ్యాయంలోంచి రెండు పేజీలు, ఒక పట్టిక ఉన్న పేజీ, ఒక కలర్ చార్టు పేజీ, మొత్తం నాలుగు పేజీల పీడీఎఫ్ చేసి పంపి, విడుదల చేసి చూడండి. మార్జిన్, ఫాంటు, పట్టిక గీతలు ఆ నాలుగింటిలోనే తెలిసిపోతాయి.

దేవరకొండ_స్కాలర్ | దేవరకొండ

టిక్ తీసినంక క్యూలో కనపడ్డది. నాలుగు పేజీలు డూప్లెక్స్ పేరున్న దానికి పంపిన. సోమవారం పోయి రిలీజ్ చేస్త.

జడ్చర్ల_డీటీపీ | జడ్చర్ల

సోమవారం అయితే ఈ రాత్రి పంపింది అప్పటిదాకా క్యూలో ఉండకపోవచ్చు. ఆ రోజు పొద్దున బయలుదేరే ముందు ఇంకోసారి పంపండి. పీడీఎఫ్‌ను పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి.